మొదటి పుస్తకానికి ముందు: ఆలిస్ మన్రో తొలి దశ నుంచి కొత్త కథకులు నేర్చుకోదగిన పని

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో కథ రాయడం మొదలుపెట్టిన చాలామంది, ఏడెనిమిది కథలు అచ్చులో కనబడగానే పుస్తకం వేయాలన్న తొందరలో పడతారు. చేతి డబ్బులతో ఐదు వందల ప్రతులు వేయించడం, ముగ్గురు పెద్దలతో ముందుమాటలు రాయించడం, జిల్లా కేంద్రంలో ఆవిష్కరణ సభ జరపడం, శాలువాలు కప్పించుకోవడం, ఆపైన మిగిలిన కట్టలను అటకెక్కించడం మనకు అలవాటైన వరుస. పుస్తకాన్ని అన్నిటికంటే చివరన పెట్టుకుని పనిచేయడం ఎలాగో ఇక్కడ చెప్పబోతున్నాను. అందుకు ఆధారంగా కెనడా కథకురాలు ఆలిస్ మన్రో తొలి రచనా దశను తీసుకుంటున్నాను. 2013లో నోబెల్ సాహిత్య పురస్కారం అందుకున్న ఆమె మొదటి కథ 1950లో అచ్చయింది. మొదటి సంపుటి 1968లో వచ్చింది. ఈ రెండింటి మధ్య ఉన్న పద్దెనిమిదేళ్లలో ఆమె ఏం రాశారు, ఎవరికి పంపారు, వేటిని తిరగరాశారు, వేటిని పక్కన పెట్టేశారు అన్నది శ్రద్ధగా చూస్తే, దేవరకొండలోనో నారాయణపేటలోనో కూర్చుని రాసుకునేవారికి పనికొచ్చే సంగతులు చాలా దొరుకుతాయి.

పోలికను అతిగా సాగదీయనవసరం లేదు. ఆమె పుట్టిన, మంచు కురిసే ఆంటారియో ప్రాంతానికీ నల్లమల అంచున ఉన్న అచ్చంపేటకూ వాతావరణంలో గాని, కులం వంటి సామాజిక వ్యవస్థలో గాని సామ్యం లేదు. సామ్యమల్లా అచ్చు కేంద్రాలకు దూరంగా ఉండటంలోనే ఉంది. ప్రచురణ వ్యవహారమంతా టొరంటోలో నడుస్తుంటే ఆమె ఖండానికి అవతలి కొసన, వాంకూవర్‌లో, పిల్లలను పెంచుకుంటూ రాశారు. సాహిత్య సభలకు, రచయితల గుంపులకు ఆమె దూరంగానే ఉన్నారు.

రెండు వరుసల కాగితం

ముందుగా ఒక పొడుగాటి కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఆమె ఇంటి సంగతులు, కుడివైపు కథల సంగతులు ఏడాది ప్రకారం రాయండి. ఎడమవైపు ఇలా ఉంటుంది: 1931 జూలై 10న ఆంటారియో రాష్ట్రం, హ్యూరన్ కౌంటీలోని వింగమ్ అనే చిన్న పట్నంలో పుట్టుక, బొచ్చు తోళ్ల కోసం నక్కలను, మింక్ అనే చిన్న జంతువులను పెంచే తండ్రి రాబర్ట్ లెయిడ్‌లా, పెళ్లికి ముందు బడిపంతులమ్మగా పనిచేసిన తల్లి, కూతురు బడిలో చదువుతుండగానే ఆ తల్లికి పట్టుకున్న పార్కిన్సన్స్ జబ్బు, దాంతో పెద్దకూతురి మీద పడ్డ ఇంటి చాకిరీ, 1949లో రెండేళ్ల స్కాలర్‌షిప్‌తో యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఆంటారియోలో ప్రవేశం, స్కాలర్‌షిప్ గడువు ముగిసిన 1951లోనే జేమ్స్ మన్రోతో పెళ్లి, చదువు ఆగిపోవడం, వాంకూవర్‌కు కాపురం, 1953, 1955, 1957, 1966లలో కాన్పులు, వాటిలో రెండవ బిడ్డ పుట్టిన రోజే చనిపోవడం, 1959లో తల్లి మరణం, 1963లో విక్టోరియా నగరంలో భార్యాభర్తలిద్దరూ కలిసి పుస్తకాల దుకాణం తెరవడం.

కుడివైపు: 1950లో విశ్వవిద్యాలయ విద్యార్థుల పత్రిక ఫోలియోలో ‘ది డైమెన్షన్స్ ఆఫ్ ఎ షాడో’; 1951లో కెనడా రేడియో సంస్థ సీబీసీ ఆమె కథ ‘ది స్ట్రేంజర్స్’ను కొనడం; 1953లో మేఫేర్ అనే పత్రికలో మరో కథ; ఆ తర్వాత కెనడియన్ ఫోరమ్, క్వీన్స్ క్వార్టర్లీ, షాటలేన్ పత్రికల్లో కొన్ని; 1957, 1960లలో టామరాక్ రివ్యూలో రెండు ముఖ్యమైన కథలు; 1961 మొదలు 1965 దాకా ది మాంట్రియలర్ పత్రికలో ఒక వరుస; 1968లో ‘డాన్స్ ఆఫ్ ది హ్యాపీ షేడ్స్’ సంపుటి.

ఈ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. ఎడమవైపు ఎంత బరువున్నా కుడివైపు పూర్తిగా ఖాళీ పడలేదు; అలాగని ఏ ఏడూ కథలు కుప్పలు తెప్పలుగా రాలేదు. ఏడాదికి ఒకటో రెండో మూడో అచ్చు కావడం, కొన్నేళ్లు అసలేమీ కాకపోవడం ఆ దశ తీరు. ఇప్పుడు మరో కాగితం మీద మీ రెండు వరుసలు రాసుకోండి. ఎడమవైపు ఉద్యోగం, పొలం, బదిలీలు, పెళ్లిళ్లు, అనారోగ్యాలు. కుడివైపు రాసినవి, పంపినవి, వచ్చినవి. దీన్ని ప్రతి ఉగాదికీ ఒకసారి పూరించినా చాలు. మన దగ్గర రచయితలు తమ కథ ఏ సంచికలో వచ్చిందో ఐదేళ్లకే మరచిపోయి, పుస్తకం వేసే రోజున పాత పత్రికల కోసం వెతుక్కుంటూ తిరుగుతారు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. మన్రో 2024 మే నెలలో చనిపోయారు. ఆ తర్వాత కొద్ది వారాలకే ఆమె చిన్నకూతురు, తన బాల్యంలో సవతి తండ్రి తనపై లైంగిక దాడికి పాల్పడ్డాడనీ, ఆ సంగతి తెలిశాక కూడా తల్లి అతనితోనే ఉండిపోయిందనీ బహిరంగంగా చెప్పారు. అతడు 2005లో న్యాయస్థానంలో నేరం ఒప్పుకున్నాడు కూడా. ఆ రెండవ పెళ్లి 1976 నాటిది. నేను తీసుకున్న కాలం అంతకుముందుది. అయినా, పటం కట్టి పూజించడానికి ఎవరినో వెతుకుతున్న పాఠకులు ఈ వ్యాసాన్ని అందుకు వాడుకోవద్దని మనవి. రాసే పద్ధతి వరకే ఇక్కడ చూస్తున్నాం.

తొలి అచ్చు, తొలి శ్రోత

కాలేజీ పత్రికను చిన్నచూపు చూడకండి. ఇరవై ఏళ్లు నిండకముందే మన్రోకు దొరికిన తొలి అచ్చు విద్యార్థుల పత్రికలోనే. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో గాని, పాలమూరు విశ్వవిద్యాలయంలో గాని, మీ డిగ్రీ కళాశాలలో గాని వార్షిక సంచిక వేస్తుంటే దానికి కథ ఇవ్వండి. వేయకపోతే తెలుగు శాఖ అధ్యాపకులను అడిగి, నలుగురు కలిసి ఒక గోడపత్రికనైనా నడపండి. తొలి అచ్చు వల్ల కలిగే లాభం పేరు రావడం కాదు. తన వాక్యం పరాయివాళ్ల కళ్ల ముందు ఎలా నిలబడుతుందో రాసినవారికి మొదటిసారి కనబడుతుంది.

రెండవ మెట్టు మరింత ముఖ్యమైనది. సీబీసీలో కథల కార్యక్రమాలు చూసే రాబర్ట్ వీవర్, విద్యార్థినిగా ఉన్న ఒక అపరిచితురాలి కథను కొన్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమెతో ఉత్తరాలు నడిపారు. కథ బాగుంటే తీసుకున్నారు, బాగా లేకపోతే తిప్పి పంపారు. తిప్పి పంపినప్పుడు కూడా ఇంకేం రాస్తున్నావని అడిగారు. 1956లో ఆయన మరికొందరితో కలిసి టామరాక్ రివ్యూ స్థాపించినప్పుడు ఆమె కథలకు అచ్చులో కూడా ఒక స్థిరమైన చోటు దొరికింది. సాహిత్య లోకంతో ఆమెకు ఆ రోజుల్లో ఉన్న ప్రధానమైన లంకె ఆయనే. కాబట్టి కొత్త కథకులు ముందుగా సంపాదించుకోవలసింది పదిమంది మెచ్చుకోళ్లు కాదు, ఒక్క నమ్మకమైన చదువరి.

అటువంటి చదువరి మన ప్రాంతంలో ఎక్కడ దొరుకుతారు? ఆదివారం అనుబంధాల సంపాదకులకు వచ్చే కథల రాశిని బట్టి చూస్తే వారి నుంచి వివరమైన ఉత్తరం ఆశించడం న్యాయం కాదు. విశ్రాంత తెలుగు అధ్యాపకులు, జిల్లా గ్రంథాలయానికి రోజూ వచ్చే పాతతరం పాఠకులు, పక్క ఊళ్లో ఉండి కథలు రాస్తున్న మరొకరు: వీరిలో ఒకరిని ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష పెట్టండి. మీ కథ చదివి ‘బాగుంది తమ్మీ’ అని ఊరుకునేవారిని వదిలేయండి. ‘నాలుగో పేజీ దగ్గర నాకు విసుగొచ్చింది’ అని చెప్పగలిగినవారి దగ్గరకు మళ్లీ వెళ్లండి. వారికి ఏడాదికి మూడు నాలుగు కథలకు మించి ఇవ్వవద్దు.

ఈ నేలకు ఇటువంటి సంపాదకులు కొత్తేమీ కాదు. 1922లోనే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వెలువడింది. 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టిన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి, నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను తెచ్చారు. ఊరూరా ఉన్న పేరు తెలియని రాతగాళ్లను వెతికి పట్టుకోవడం సంపాదకుడి పనేనని ఆయన నమ్మారు. వీవర్ రేడియో ద్వారా చేసిన పని కూడా ఆ కోవలోనిదే.

రేడియోకు అమ్మిన కథ నుంచి మరొకటి నేర్చుకోవచ్చు: కథ చెవికి ఆనాలి. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రానికి కథ పంపే ఉద్దేశం మీకు లేకపోయినా, రాసిన ప్రతి కథనూ ఫోన్‌లో రికార్డు చేసుకుని మరునాడు వినండి. ఎక్కడ ఊపిరి అందలేదో అక్కడ వాక్యం చెడింది. ఎక్కడ ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదో అక్కడ సంభాషణ పుస్తకాల భాషలోకి జారిపోయింది. మక్తల్ మనిషి, మిర్యాలగూడ మనిషి ఒక్క తీరుగా మాట్లాడరు. ఆ తేడా రాతలో కంటే వినికిడిలో త్వరగా పట్టుబడుతుంది.

పంపడం, తిరిగి రావడం

మన్రో తన కథలను ఒకే రకం పత్రికకు పంపలేదు. షాటలేన్ గృహిణుల ఆదరణ పొందిన మహిళా పత్రిక. క్వీన్స్ క్వార్టర్లీ ఒక విశ్వవిద్యాలయం నడిపే త్రైమాసికం. కెనడియన్ ఫోరమ్ రాజకీయాలు, కళలు కలగలిపిన పత్రిక. ఏ కథ ఎక్కడ ఒదుగుతుందో చూసి పంపడం ఒక నైపుణ్యం. అమెరికా పత్రిక ది న్యూయార్కర్‌కు కూడా ఆమె ఆ తొలి ఏళ్లలోనే పంపడం మొదలుపెట్టారు. వాళ్లు తిప్పి పంపుతూనే వచ్చారు. అందులో ఆమె కథ మొదటిసారి కనబడింది 1977 మార్చిలో, అంటే తొలి కథ అచ్చయిన ఇరవై ఏడేళ్లకు. ఆనాటికి ఆమెకు మూడు పుస్తకాలు, ఒక జాతీయ పురస్కారం ఉన్నాయి.

మీ వరకు వస్తే, ఒక రిజిస్టర్ పెట్టుకోండి. కథ పేరు, పూర్తయిన తేదీ, పదాల సంఖ్య, పంపిన పత్రిక, పంపిన తేదీ, జవాబు: ఈ ఆరు గళ్లు చాలు. దినపత్రికల ఆదివారం అనుబంధాలు, మాసపత్రికలు, అంతర్జాల పత్రికలు వేటికవే నిడివి హద్దులు పెట్టుకుంటాయి. కథ రాయకముందు ఆ హద్దు చూడకండి, పంపేముందు తప్పక చూడండి. పెద్ద కథను కత్తిరించి చిన్న అనుబంధానికి సరిపెట్టడం కంటే, నిడివికి చోటిచ్చే పత్రిక కోసం ఆగడం మేలు. కథతో పాటు ఇది సొంత రచననీ, అనువాదమో అనుసరణో కాదనీ, మరెక్కడా ప్రచురణకు గాని పరిశీలనకు గాని ఇవ్వలేదనీ హామీపత్రం జతచేయాలి. ఆ హామీ ఇచ్చాక అదే కథను రెండో చోటికి పంపడం మాట తప్పడమే. యూనికోడ్‌లో టైపు చేసి పంపితే చాలాచోట్ల సరిపోతుంది. కొన్ని అచ్చు పత్రికలు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత తరహా అను ఫాంట్లలో అడుగుతాయి గనుక ముందుగా విచారించుకోవడం మంచిది. జవాబు రాకపోతే పత్రిక చెప్పిన గడువు దాటాక మర్యాదగా ఒక్క ఉత్తరం రాసి, కథను వెనక్కి తీసుకుంటున్నట్టు తెలిపి, తర్వాతి చోటికి పంపండి.

కథల పోటీల గురించి నా అభిప్రాయం కొంత కటువుగా ఉంటుంది. సంక్రాంతికీ ఉగాదికీ దీపావళికీ ప్రకటించే పోటీల కోసమే రాయడం అలవాటైతే, న్యాయనిర్ణేతలకు ఏది నచ్చుతుందో ఊహించి రాసే గుణం వచ్చేస్తుంది. ముందే సిద్ధంగా ఉన్న కథను పోటీకి పంపడంలో తప్పు లేదు.

ఇంటి నుంచి కథ

మన్రో తొలి కథల్లో చాలావాటికి నేల హ్యూరన్ కౌంటీయే. వాంకూవర్‌లో ఉంటూ ఆమె వెనక్కి తిరిగి వింగమ్ వైపే చూశారు. లెయిడ్‌లా కుటుంబం ఉన్నది అసలు పట్నంలో కూడా కాదు, దాని పడమటి శివారులో, పేదలు ఎక్కువగా ఉండే చోట. పట్నానికీ పల్లెకూ మధ్య, చదువుకూ చాకిరీకీ మధ్య నిలబడ్డ ఆ చోటు నుంచే ఆమె కథలు పుట్టాయి. వాటిలో మొదట చదవవలసింది ‘బాయ్స్ అండ్ గర్ల్స్’ అని నా సలహా. నక్కల పెంపకందారు కూతురు తండ్రి వెంట తిరుగుతూ, నక్కలకు నీళ్లు పెడుతూ, తాను తండ్రికి కుడిభుజమని నమ్ముతుంది. నక్కల మేతకు గుర్రాలను చంపుతారు. ఒకనాడు పారిపోతున్న గుర్రానికి ఎదురుగా తలుపు వేయవలసిన పిల్ల దాన్ని బార్లా తెరుస్తుంది. గుర్రం ఎలాగూ దొరికిపోతుంది. తలుపు సంగతి తమ్ముడు భోజనాల దగ్గర బయటపెడతాడు. ఆడపిల్ల కదా అంటూ తండ్రి తేలిగ్గా తీసిపారేస్తాడు. ఆ తేలికతనంలోనే పిల్లకు ఇంట్లో తన స్థానమేమిటో ఖరారైపోతుంది. ఆడపిల్లల హక్కుల గురించి ఒక్క ఉపన్యాస వాక్యమైనా ఆ కథలో కనబడదు.

దీన్ని చదివాక మన ఇతివృత్తాల దగ్గరకు రండి. పాలమూరు అనగానే వలస, నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ అని కథకులకు ముందే ఖరారైపోయింది. ఈ రెండూ నిజమైన బాధలే; వాటిని రాయవద్దని అనడం లేదు. అయితే సమస్యతో మొదలుపెట్టిన కథలో మనుషులు సాక్షులుగా మిగిలిపోతారు. ఇంటితో మొదలుపెడితే సమస్య తనంతట తానే లోపలికి వస్తుంది. కూలీలను వలస పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న రాత్రి ఆ ఇంట్లో భార్యాభర్తల మధ్య ఏం జరిగింది? వాళ్లు పోయాక ముసలామె దగ్గర మిగిలిన మనుమడు బడికి ఏ రోజుల్లో వెళ్లడం లేదు, ఎందుకు? మర్రిగూడ వైపు ఒక ఇంట్లో నడుం వంగిపోయిన అన్నకు సంబంధం కుదరకముందే చెల్లెలి పెళ్లి చేయవలసి వస్తే, పెళ్లిపందిట్లో అతడు ఎక్కడ కూర్చుంటాడు? శ్రీశైలం జలాశయం కింద మునిగిన కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల ఊళ్ల నుంచి లేచి వచ్చినవారి ఇళ్లలో పాత ఊరి తలుపులూ ద్వారబంధాలూ ఇప్పుడు ఏ గోడకు ఉన్నాయి? ఇటువంటి ప్రశ్న ఒక్కటి దొరికేదాకా కలం పట్టవద్దు.

మన్రో తొలి దశలో మలుపు తెచ్చిన కథ ‘ది పీస్ ఆఫ్ యుట్రెక్ట్’. తల్లి చనిపోయిన మరుసటి ఏడు, 1960లో, టామరాక్ రివ్యూ దాన్ని వేసింది. తల్లి అంత్యక్రియలకు రాని ఒక కూతురు కొంతకాలానికి పుట్టింటికి వస్తుంది. ఏళ్ల తరబడి జబ్బుతల్లికి సేవ చేసిన ఆమె తోబుట్టువు ఆ ఇంట్లోనే ఉంటుంది. ఇద్దరూ మాట్లాడుకోవలసిన మాట ఒకటి ఉంది, దాని చుట్టూ తిరుగుతుంటారు. చివరికి మేనత్తల వంటి పెద్దవాళ్ల నోట, మంచు కాలంలో తల్లి ఆసుపత్రి నుంచి తప్పించుకుని బయటికి వచ్చేసిన సంగతి బయటపడుతుంది. అంతకుముందు కథలు రాయడం నేర్చుకోవడానికి రాసినవనీ, ఇది రాయక తప్పని స్థితిలో రాసిందనీ ఆమె తర్వాతి కాలంలో చెప్పిన మాటల సారాంశం.

మీ దగ్గర కూడా అటువంటి కథ ఒకటి ఉంటుంది. దాన్ని మొదటే రాయబోకండి. మన్రోకు దానికి ముందు పదేళ్ల అభ్యాసం ఉంది. రాసేటప్పుడు కూడా తీర్పు చెప్పే పాత్రను కథలో పెట్టకుండా, ఇద్దరు మనుషుల మధ్య చెప్పని మాటను కేంద్రంగా పెట్టుకోండి. ఊరివాళ్లకు కోపం వస్తుందా అన్న భయం సహజం. వింగమ్‌లో కూడా కొందరు నొచ్చుకున్నారు. తర్వాతి కాలంలో అదే ఊరు ఆమె పేరిట ఒక తోటను ఏర్పాటు చేసుకుంది. పేర్లు, వృత్తి, ఇంటి స్థానం మార్చి రాయడం మన ఊళ్లలో మర్యాదకూ రక్షణకూ రెండిటికీ అవసరం. కులం పేరు మార్చే ముందు మాత్రం ఆలోచించాలి, ఎందుకంటే దాన్ని మారిస్తే కథలోని సంబంధాలన్నీ మారిపోతాయి.

వేళ, గది, నవల

1961లో వాంకూవర్ సన్ పత్రిక ఆమె గురించి వేసిన వార్తకు పెట్టిన శీర్షిక, గృహిణికి కథలు రాసుకోవడానికి తీరిక దొరుకుతోందన్న అర్థంలో ఉంది. అప్పటికి పదేళ్లుగా రాస్తున్న మనిషి గురించి అలా రాశారన్నమాట. పిల్లలు పడుకున్న వేళ, పెద్దపిల్ల బడికి వెళ్లిన వేళ ఆమె రాశారు. గది కావాలనిపించి, ఆ రోజుల్లోనే, ఇంటికి దూరంగా ఒక ఆఫీసు గది అద్దెకు తీసుకున్నారు. ఆ గదిలో పూర్తయిన కథ దాదాపు ఒక్కటే: రాసుకోవడానికి గది అద్దెకు తీసుకున్న స్త్రీని యజమాని పదేపదే వచ్చి విసిగించే ‘ది ఆఫీస్’. అద్దె వృథా పోలేదని నవ్వుకోవచ్చు.

ఉపాధ్యాయులకు పరీక్షల డ్యూటీలు, ఓటరు జాబితాల పని; రైతుకు నాట్లు, కోతలు; ఇంట్లో ఉండే స్త్రీకి తెల్లవారుజాము నుంచి పని. వేళ ఎవరికీ మిగలదు. గనుక రోజుకు ఇంత అని లెక్క పెట్టుకోవడం కంటే, వారంలో కదలని ఒక వేళను పట్టుకోండి. ఆ వేళ రాయకపోయినా సరే, పాత కథను సరిదిద్దడమో మరొకరి కథ చదవడమో చేయండి. మన్రో కొంతకాలం వాంకూవర్ గ్రంథాలయంలో కూడా పనిచేశారు. పుస్తకాల మధ్య గడిపిన ఆ గంటలు కూడా రచనలో భాగమే.

నవల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ప్రచురణకర్తలు కథల కంటే నవలనే కోరే కాలం అది. ఆమె పలుసార్లు ప్రయత్నించారు, కుదరలేదు. 1971లో నవలగా వెలువడిన ‘లైవ్స్ ఆఫ్ గర్ల్స్ అండ్ విమెన్’ కూడా ఒకదానితో ఒకటి ముడిపడ్డ కథల మాలగానే ఉంటుంది. నవలల పోటీ బహుమతి పెద్దదని కథను ఉబ్బించకండి.

సంపుటి

ప్రచురణ సంస్థ రైర్సన్ ప్రెస్‌లో సంపాదకుడు ఎర్ల్ టాపింగ్స్ సంపుటి వేద్దామన్నప్పుడు, ఉన్న కథలు సరిపోవని మరికొన్ని అడిగారు. ఆమె కొత్తగా మూడు రాశారు: ‘వాకర్ బ్రదర్స్ కౌబాయ్’, ‘ఇమేజెస్’, ‘పోస్ట్‌కార్డ్’. మొత్తం పదిహేను కథల పుస్తకంలో అత్యుత్తమమైనవాటిలో ఈ చివరి నిమిషపు కథలు ఉండటం ఆశ్చర్యమేమీ కాదు. అప్పటికి చేయి తిరిగింది. పాతవాటి విషయంలో మాత్రం ఆమె నిర్దయగా ఉన్నారు. ఫోలియోలో వచ్చిన తొలి కథ, రేడియో కొన్న తొలి కథ, మేఫేర్‌లో అచ్చయిన కథ: మూడూ పుస్తకంలోకి రాలేదు. 1956లో షాటలేన్‌లో ‘గుడ్-బై మైరా’గా వచ్చిన కథ, తిరగరాతకు లోనై ‘డే ఆఫ్ ది బటర్‌ఫ్లై’గా చేరింది. ఆ పుస్తకానికి 1968 సంవత్సరపు కెనడా జాతీయ సాహిత్య పురస్కారం, గవర్నర్ జనరల్ పురస్కారం, లభించింది. ముందుమాట మాత్రం దానికీ ఉంది, హ్యూ గార్నర్ అనే పేరున్న రచయిత రాశారు. కనుక ముందుమాటల మోజు మన ఒక్కరిదే అనుకోనవసరం లేదు. అయితే అక్కడ ఒక్కటే.

మీరు సంపుటికి కూర్చునే నాటికి రిజిస్టర్‌లో కనీసం ఇరవై ఐదు కథలైనా ఉండాలని నేను అంటాను. వాటన్నిటినీ అచ్చయిన తేదీ చూడకుండా ఒక్క వారంలో చదవండి. తొలి మూడేళ్ల కథలను మమకారం కొద్దీ చేర్చవద్దు. మొదటి కథ అన్న కారణం పాఠకుడికి పట్టదు. ఇతివృత్తం మంచిదై రాత పలచగా ఉన్నవాటిని విడిగా తీసి, పాత ప్రతి చూడకుండా మళ్లీ మొదటి నుంచి రాయండి. రెండు కథల్లో ఒకే పాత్ర, ఒకే ముగింపు తిరిగి వస్తే బలహీనమైనదాన్ని తీసేయండి. ఇలా వడపోశాక పది పన్నెండు మిగిలితే, లోటు కనబడే చోట రెండు మూడు కొత్తవి రాయండి. అచ్చుకు ఇచ్చేముందు ప్రతి కథ కిందా అది తొలిసారి వచ్చిన పత్రిక, సంచిక తేదీ వేయాలి. తిరగరాసినదైతే ఆ మాట కూడా చెప్పాలి. అచ్చుతప్పులు దిద్దే పనిని మీరొక్కరే చేసుకోకుండా, కథలు ముందెన్నడూ చదవని మరొకరికి అప్పగించండి.

ప్రతుల సంఖ్యను అమ్మకాలకు తగ్గట్టు పెట్టుకోండి. ఇప్పుడు వంద ప్రతులు కూడా వేసే ముద్రణాలయాలు ఉన్నాయి, అవసరమైతే మళ్లీ వేసుకోవచ్చు. మొదటి ప్రతుల్లో ఒకటి తెలుగు కథలన్నిటినీ భద్రపరుస్తున్న శ్రీకాకుళం కథానిలయానికి, ఒకటి మీ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, ఒకటి నాలుగో పేజీ దగ్గర విసుగొచ్చిందని చెప్పిన ఆ చదువరికి పంపండి. ఆవిష్కరణ సభ ఆ తర్వాత పెట్టుకున్నా నష్టం లేదు.